జైసల్మేర్ దగ్గర నక్షత్ర వీక్షణ: చీకటి దొరకనప్పుడు ఏం చేయాలి?

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు వెళ్లే తెలుగువారిలో చాలామంది కోటతో పాటు థార్ ఎడారి ఆకాశాన్ని కూడా ఒక రాత్రి తనివితీరా చూడాలని ఆశిస్తారు. ఏడాదికి సగటున సుమారు 20 సెంటీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల కావడం వల్ల మబ్బుల బెడద తక్కువ. ఊరు దాటితే జనావాసాలు కూడా పలుచబడతాయి. ఇంత అనుకూలత ఉన్నా నిరాశతో తిరిగి వచ్చేవారు తక్కువేమీ కాదు. చాలా సందర్భాల్లో దీనికి కారణం ఒక్కటే. ఊరికి ఎంత దూరం వెళ్లాలన్నది ఆలోచిస్తారు కానీ, వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో, తాము చూడదలచిన నక్షత్రాలు ఏ దిక్కున ఉంటాయో చూసుకోరు. కింద చెప్పిన లక్షణాల్లో మీకు ఎదురైనది ఏదో గుర్తించి, దాని కారణాన్ని బట్టి చోటు మార్చుకోవాలో, సమయం మార్చుకోవాలో నిర్ణయించుకోండి.

సమస్య: ఇసుక తిన్నెల దాకా వెళ్లినా ఆకాశం వెలిసిపోయినట్టు ఉంది

ఇది అందరికంటే ఎక్కువగా సమ్ తిన్నెలకు వెళ్లేవారికి ఎదురవుతుంది. జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్, పర్యాటకులకు బాగా తెలిసిన చోటు. అందువల్లనే అక్కడ టెంట్ల క్యాంపులు వరుసగా వెలిశాయి. సాయంత్రం నృత్య ప్రదర్శనల కోసం వేసే ఫ్లడ్ లైట్లు, దారి పొడవునా కట్టిన దీపాల తోరణాలు, తిన్నెల మీద తిరిగే జీపుల హెడ్‌లైట్లు అన్నీ కలిసి అక్కడ ఒక చిన్న పట్టణపు వెలుగును సృష్టిస్తాయి. తిన్నెలు ఉన్నంత మాత్రాన చీకటి ఉంటుందనుకోవడం సరికాదు.

అయితే చోటు మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. కళ్లలో పడుతున్న దీపాన్ని అరచేతితో మరుగు చేసి, దాని పైనున్న ఆకాశాన్ని చూడండి. చెయ్యి అడ్డం పెట్టగానే నక్షత్రాలు స్పష్టపడితే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది సూటి వెలుగు మాత్రమే. చెయ్యి అడ్డం పెట్టినా ఆకాశం అలాగే తెల్లబారి ఉంటే అది చెదిరిన వెలుగు, అంటే పైకి ఎగసిన కాంతి గాలిలోని అణువుల మీదా ధూళి కణాల మీదా పడి నలువైపులా పరచుకున్నది. ఈ రెండింటికీ పరిష్కారాలు వేరు.

సూటి వెలుగుకు దూరం అక్కరలేదు, అడ్డు చాలు. తిన్నె శిఖరం మీద కూర్చుంటే చుట్టుపక్కల దీపాలన్నీ కళ్లకు తగులుతాయి. క్యాంపులకు ఎదురు వైపు వాలు దిగి, రెండు తిన్నెల నడుమ పల్లంలో కూర్చుంటే ఇసుకే గోడగా నిలుస్తుంది. దిగంతం కొంత మరుగున పడుతుంది కానీ, నడినెత్తిన ఉన్న ఆకాశానికి ఆ లోటు తెలియదు. చెదిరిన వెలుగు మాత్రం తిన్నె వెనక్కి వెళ్లినంత మాత్రాన పోదు. దానికి దూరమే మందు, ఆ మందు బాగా పనిచేస్తుంది కూడా: ఒక ఊరు ఆకాశాన్ని వెలిగించే తీరును అంచనా వేయడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే వాకర్ సూత్రం ప్రకారం, దూరం రెట్టింపైతే ఆ వెలుగు సగం కాదు, ఐదో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. అందుచేత 10 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినవారు మరో 10 కిలోమీటర్లు వెళ్లడం వల్ల పొందే లాభం, 40 దగ్గర ఉన్నవారు మరో 10 వెళ్లడం వల్ల పొందే లాభం కంటే చాలా ఎక్కువ. ఊరికి 20 కిలోమీటర్ల లోపే ఉన్న కుల్‌ధరా శిథిల గ్రామం పరిసరాలు పగలు చూడడానికి ఎంత బాగున్నా రాత్రి వీక్షణకు నేను సూచించకపోవడానికి కారణం ఇదే.

నా ఎంపిక ఖూరీ. జైసల్మేర్‌కు నైరుతిగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గ్రామంలోనూ క్యాంపులు ఉన్నాయి కానీ సమ్‌తో పోలిస్తే చాలా తక్కువ. అంతకంటే ముఖ్యమైన విషయం, అక్కడి నుంచి జైసల్మేర్ ఈశాన్యంగా ఉంటుంది కాబట్టి దక్షిణ దిక్కంతా ఊరి వెలుగుకు దూరంగా మిగులుతుంది. పాలపుంతలో అత్యంత కాంతివంతమైన భాగం ఉండే వృశ్చిక, ధనూ రాశులు మనకు కనిపించేది ఆ దక్షిణపు ఆకాశంలోనే. బస ఖరారు చేసుకునే ముందే క్యాంపు యజమానికి ఫోన్ చేసి, భోజనాలయ్యాక బయటి దీపాలు ఆర్పించగలరా అని స్పష్టంగా అడగండి. ముందే అడిగినవారి మాటకు ఉండే విలువ, రాత్రి పదకొండింటికి వెళ్లి బతిమాలితే ఉండదు.

సమస్య: ఒక దిక్కున మాత్రమే వెలుగు కనిపిస్తోంది, దగ్గరలో ఊరేదీ లేదు

ముందు దిక్కును గుర్తించండి. సమ్ నుంచి తూర్పున, ఖూరీ నుంచి ఈశాన్యాన గుమ్మటంలా కనిపించేది జైసల్మేర్ పట్టణపు వెలుగు. పడమటి దిగంతం వెంబడి వెలుగు కనిపిస్తే మరింత జాగ్రత్తగా పరిశీలించాలి. భారత్-పాకిస్తాన్ సరిహద్దు కంచె పొడవునా రాత్రంతా ఫ్లడ్ లైట్లు వెలుగుతూ ఉంటాయి. అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఛాయాచిత్రాల్లో కూడా ఆ సరిహద్దు నారింజ రంగు గీతలా కనిపిస్తుంది. సరిహద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఆ వెలుగు దిగంతాన్ని అంటిపెట్టుకుని కనబడే అవకాశం ఉంది. ఊరి దీపాలకు భయపడి గుడ్డిగా పడమరకు వెళ్లిపోవడం పరిష్కారం కాకపోవడానికి ఇది ఒక కారణం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సంధ్య పూర్తిగా ముగిశాక పడమట కనిపించే వెలుగు మరొకటి ఉంది, దానికి మనుషులతో సంబంధం లేదు. గ్రహాలు తిరిగే తలంలో పరచుకున్న సన్నని ధూళి మీద సూర్యకాంతి పడి ఏర్పడే ఈ వెలుగును జోడియాకల్ కాంతి అంటారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇదే తెల్లవారుజామున తూర్పున కనిపిస్తుంది. దీపాల వెలుగు దిగంతం వెంట అడ్డంగా పరచుకుని రాత్రంతా కదలకుండా ఉంటే, ఈ కాంతి దిగంతం దగ్గర వెడల్పుగా, పైకి పోయే కొద్దీ సన్నగా, కాస్త వాలుగా రాశిచక్రం వెంట చాలా ఎత్తుకు సాగి, గంటా రెండు గంటల్లో నక్షత్రాలతో పాటే దిగిపోతుంది. అది కనిపిస్తే చోటు మార్చవద్దు. ఆ కాంతి కనబడేంత చీకటి దొరకడం మీరు సరైన చోట ఉన్నారనడానికి మంచి రుజువు.

జైసల్మేర్ చుట్టూ పెద్ద ఎత్తున గాలిమరలు ఉన్నాయి. వాటి మీద మినుకుమినుకుమనే ఎర్ర దీపాలు ఆకాశాన్ని పెద్దగా పాడుచేయవు కానీ ఫొటోల్లో పడతాయి, చూపును పదేపదే లాగుతాయి. బడాబాగ్ ఛత్రీల (రాజుల స్మారక మండపాల) పరిసరాలను ఈ కారణంగానే వదిలేయడం మేలు.

సమస్య: చీకటి బాగానే ఉంది, పాలపుంత మాత్రం కనిపించలేదు

డిసెంబరు సెలవుల్లో వెళ్లేవారికి ఇది దాదాపు తప్పదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ధనూరాశి నక్షత్రాల దిశలోనే ఉంటాడు కాబట్టి, పాలపుంత కేంద్ర భాగం పగటి ఆకాశంలో ఉండిపోతుంది. ఆ రాత్రుల్లో కనిపించేది మృగశిర పక్కగా సాగే పలుచని భాగం మాత్రమే. కేంద్ర భాగం కావాలంటే అక్టోబరులో చీకటి పడగానే నైరుతి దిక్కున గానీ, మార్చిలో తెల్లవారుజామున ఆగ్నేయాన గానీ వెతకాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అది రాత్రి పొద్దుపోయాక చక్కగా పైకి వస్తుంది కానీ, ఆ నెలల్లో వడగాలులు, ధూళి తుపానులు వీక్షణను తరచూ దెబ్బతీస్తాయి. అన్నీ బేరీజు వేస్తే అక్టోబరు, నవంబరు నెలల్లో అమావాస్య దగ్గరి రాత్రులే జైసల్మేర్‌కు ఉత్తమమని నా అభిప్రాయం. దీపావళి అమావాస్యను మాత్రం తప్పించండి, టపాసుల పొగ, పండుగ రద్దీ రెండూ ఆ సమయంలోనే.

చంద్రుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జైసల్మేర్‌లో జరిగే మరు మహోత్సవం మాఘ పౌర్ణమితో ముగుస్తుంది. ఉత్సవాన్నీ నక్షత్రాలనూ ఒకే ప్రయాణంలో చూడాలనుకుంటే రెండోది దక్కదు. తేదీలు మీ చేతిలో లేకపోతే బహుళ పక్షాన్ని ఎంచుకోండి: పౌర్ణమి తరువాత చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, బహుళ అష్టమి నాటికి అర్ధరాత్రి దాటుతుంది.

సమయాల్లో మరో చిక్కు ఉంది. జైసల్మేర్ హైదరాబాద్‌కు బాగా పడమరగా ఉంది కాబట్టి అక్కడ సూర్యాస్తమయం ఆలస్యం. ఈ తేడా డిసెంబరులో పది నిమిషాల దగ్గర ఉంటే, జూన్‌లో గంటకు చేరువవుతుంది. జూన్‌లో అక్కడ పూర్తి చీకటి పడేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇంటి దగ్గరి పంచాంగంలోని సూర్యచంద్రుల వేళలను అక్కడికి యథాతథంగా వాడకూడదు.

సమస్య: నడినెత్తిన నక్షత్రాలు నిండుగా ఉన్నాయి, దిగంతం దగ్గర ఒక్కటీ లేదు

ఇది ధూళి పని. 30 డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రపు కాంతి నడినెత్తిన ఉన్నదానికంటే రెట్టింపు గాలిని దాటి వస్తుంది. 10 డిగ్రీల ఎత్తున అది ఐదున్నర రెట్లు దాటుతుంది. గాలిలో ఇసుక పొడి ఉన్న రోజు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన వైపు నుంచి వెళ్లినవారికి అగస్త్య నక్షత్రమే దీనికి మంచి కొలబద్ద. హైదరాబాద్‌లో అది దక్షిణాన సుమారు 20 డిగ్రీల ఎత్తుకు వస్తే, జైసల్మేర్‌లో సుమారు 10 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చలికాలపు రాత్రి అది దక్షిణ దిక్కుకు చేరిన వేళ తెల్లగా మెరుస్తుంటే గాలి శుభ్రంగా ఉందని, ఎర్రబారినా అసలు కనబడకపోయినా ధూళి ఎక్కువగా ఉందని అర్థం. ధూళి ఉన్న రాత్రి మరో చోటికి పరుగెత్తి ప్రయోజనం లేదు, అది ప్రాంతమంతా ఉంటుంది. గాలి తగ్గేదాకా ఆగి, ఎత్తున ఉన్న వాటిని చూడడమే మార్గం. వాన పడి తెరిపిచ్చిన మరునాటి రాత్రి దొరికితే వదులుకోవద్దు.

సమస్య: కాంతి కాలుష్య పటంలో చీకటిగా ఉన్న చోటు తీరా వెళితే చీకటిగా లేదు

ఇటువంటి పటాలు ఉపగ్రహాల కొలతల మీద ఆధారపడతాయి. విరివిగా వాడే ఉపగ్రహ పరికరానికి నీలి కాంతి సరిగా అందదు. నేటి తెల్లని ఎల్‌ఈడీ దీపాల్లో ఆ నీలి కాంతి ఎక్కువ. అందువల్ల కొత్త దీపాలున్న చోటును పటం తక్కువగా లెక్కగట్టే వీలుంది. అదీ కాక చాలా యాప్‌లలో వాడే ప్రపంచ పటం 2016లో ప్రచురితమైనది. ఆ తరువాత వెలసిన రిసార్టు దానిలో ఉండదు. పటాన్ని దిక్కు తెలుసుకోవడానికి వాడి, తుది నిర్ణయానికి పగటిపూట స్వయంగా వెళ్లి కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, కొత్త కట్టడాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. రాత్రి ఒక మబ్బు తునక కనిపిస్తే దాన్నే అడగవచ్చు: ఆకాశం కంటే మబ్బు నల్లగా ఉంటే ఆ చోటు మంచిది, తెల్లగా వెలుగుతుంటే కింద దీపాలున్నట్టు.

సమస్య: పక్కవారికి కనిపిస్తున్నవి నాకు కనిపించడం లేదు

కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూస్తే చాలా వరకు మళ్లీ మొదలుపెట్టవలసిందే. మసక ఎర్ర దీపం వాడండి, ఫోన్ జేబులోనే ఉంచండి.

సమస్య: మంచి చోటు దొరికింది, అక్కడ ఆగనివ్వడం లేదు

సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాల్లోకి బయటివారు వెళ్లడానికి అనుమతి కావాలి. ఎక్కడి వరకు వెళ్లవచ్చో పగలే స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోండి. రాత్రి నిర్జన రహదారి మీద కెమెరా, ట్రైపాడ్‌తో నిలబడిన కొత్తవారిని భద్రతా సిబ్బంది ప్రశ్నించడం సహజం. నక్షత్రాలను చూపించే ఆకుపచ్చ లేజర్‌ను, డ్రోన్‌ను ఇక్కడికి తీసుకురావద్దు, పట్టణం దగ్గరే వైమానిక దళ స్థావరం ఉంది. సమ్, ఖూరీల పరిసరాల్లోనే 3,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఎడారి జాతీయ వనం పరచుకుని ఉంది. మన రోళ్లపాడు అభయారణ్యం ఏ బట్టమేక పక్షి కోసం ఏర్పడిందో, ఆ పక్షికి ఇప్పుడు మిగిలిన ముఖ్యమైన ఆశ్రయం ఈ ఎడారే. కాబట్టి చీకటి కోసం వాహనాన్ని దారి తప్పించి గడ్డి మైదానాల్లోకి నడపకండి. గ్రామంలోనో క్యాంపు హద్దుల్లోనో నులక మంచం వేయించుకుని పడుకుని చూడడం మంచిది. వేసవి రాత్రుల్లో ఇసుక మీద పింజర జాతి పాములు తిరుగుతాయి కాబట్టి నేల మీద పడుకోవడం ప్రమాదకరం కూడా.