బందీ గాబ్లిన్ తెచ్చిన చిక్కు

మలక్‌పేటలోని మా మిద్దెపై ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథను నడిపే ఆట) ఆడే ఐదుగురిలో నేనే డంజన్ మాస్టర్‌ను, అంటే కథ చెప్పి తీర్పులిచ్చేవాడిని. ఒక వారం ఆట కథలో, లొంగిపోయిన గాబ్లిన్ (పొట్టి రాక్షసజాతివాడు) ఒకడు బందీగా దొరికాడు. వదిలితే తన ముఠాను హెచ్చరిస్తాడు, చంపితే మా తమ్ముడి పాత్ర పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడి దివ్యశక్తులు పొందే యోధుడు) ఇచ్చిన అభయం వమ్మవుతుంది. వాదన సాగుతుండగానే దొంగ పాత్రధారి వాడిని పొడిచేశాడు, నేను తొందరపడి, ఆపలేదన్న నేరానికి పాలడిన్ శక్తులను తీసివేశాను. "అన్నా, కత్తి వాడిది, శిక్ష నాకా?" అంటూ మా తమ్ముడు చాయ్ సగంలోనే వదిలి లేచిపోయాడు.

నిబంధనలు తిరిగి చదివితే తప్పు నాదేనని తేలింది. 1974 నాటి తొలి ఆటలో, పాత్ర ఎటు మొగ్గుతుందో చెప్పేందుకు క్రమం, తటస్థత, అరాచకం అన్న మూడు పక్షాలే ఉండేవి. మంచిచెడులను కలిపిన తొమ్మిది గళ్ల పట్టిక తరువాతిది. అయితే 2014 నాటి ఐదవ ఎడిషన్‌లో పాలడిన్‌ను కట్టివేసేది ఆ పట్టిక కాదు, అతడు స్వీకరించిన ప్రమాణం. దానిని కావాలని ఉల్లంఘించి, పశ్చాత్తాపం కూడా చూపనప్పుడే పెద్ద శిక్షల ప్రస్తావన వస్తుంది.

తమ్ముడికి క్షమాపణ చెప్పి శక్తులు తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి తీర్పులు మానేసి, ఫలితాలను మాత్రమే కథలోకి తెస్తున్నాను. బందీ ప్రాణం తీసే ముందు పాచికలు పక్కన పెట్టి, బల్ల చుట్టూ ఉన్న ప్రతివారి సమ్మతి అడుగుతున్నాను; ఈ నియమం మొదటే పెట్టుకోవలసింది. మూడు వారాల తరువాత చనిపోయిన గాబ్లిన్ చెల్లెలు సంతలో ఎదురుపడి అన్న ఎక్కడని అడిగినప్పుడు, దొంగ పాత్రధారి చాలాసేపు పాచికను చేతిలోనే తిప్పుతూ ఉండిపోయాడు.