మిక్సీ పాఠాలు – 3: రోటిపచ్చడి పలుకు

కిందటి పాఠంలో పెద్ద జారులో పొడులు కొట్టాం. ఈసారి చిన్న జారు తీయండి. చేసేది బీరకాయ పచ్చడి, నేర్చుకునేది మిక్సీని ఎప్పుడు ఆపాలో.

రోట్లో పచ్చడిబండ దెబ్బ పడ్డచోట నలుగుతుంది, పడనిచోట మిగిలిపోతుంది. మిరప తొక్క, మినప్పప్పు పలుకు నాలుకకు తగిలేది అందుకే. మిక్సీకి ఆ తేడా తెలియదు. ఖాళీగా తిరిగితే చాలా మిక్సీల్లో బ్లేడు నిమిషానికి సుమారు 18,000 చుట్లు చుడుతుంది. దానికే వదిలేస్తే చూస్తుండగానే అంతా గుజ్జు. కాబట్టి ఈ పాఠంలో 1, 2, 3 నంబర్ల జోలికి పోవద్దు. నాబ్‌ను వెనక్కి తిప్పి పట్టుకున్నంతసేపే తిరిగే పల్స్ ఒక్కటే మనకు కావాలి.

ఒక సెకను తిప్పి వదలండి. బ్లేడు పూర్తిగా ఆగేదాకా మళ్లీ తిప్పొద్దు. చాలామంది తొందరపడేది ఇక్కడే. తిరిగేటప్పుడు ముక్కలు విసురుకు జారు గోడకు ఎగిరి అంటుకుంటాయి. ఆగితేనే కిందికి జారి బ్లేడుకు దొరుకుతాయి. ఆగనివ్వకుండా వరసపెట్టి తిప్పితే అడుగున ఉన్నది మెత్తనవుతుంది, గోడకున్నది ముక్కలుగానే ఉంటుంది. చెవి కూడా పెట్టండి. బరువుగా ఉన్న మోత ఒక్కసారిగా సన్నబడి గుయ్యిమందంటే బ్లేడు గాలిలో తిరుగుతున్నట్టే. అప్పుడు స్విచ్ ఆపి, జారు బయటికి తీసి, గోడ మీదిది గరిటె కాడతో కిందికి దించండి.

ఇక వేసే వరస. ఎండుమిరపకాయలు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతులు నూనెలో వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మిరపకాయ మెత్తగా సాగుతుంది, చల్లారితే కరకరలాడి విరుగుతుంది. పైగా వేడివి వేసి మూత బిగిస్తే ఆవిరి నీరై పప్పును తడిపేస్తుంది. వీటికి కల్లుప్పు చేర్చి నాలుగైదు పల్స్‌లు. పప్పు రవ్వలా కనపడగానే ఆపేయాలి.

తర్వాత వెల్లుల్లి, చింతపండు. చింతపండును రెండు చెంచాల నీళ్లలో నానబెట్టి, గింజ, ఈనె లేకుండా చూసి వేయండి. పొడి చింతపండు బ్లేడుకు చుట్టుకుంటుంది, గింజ తగిలితే బ్లేడుకే దెబ్బ. చివరన, మగ్గబెట్టి చల్లార్చిన బీరకాయ ముక్కలు. రెండు పల్స్‌లు చాలు, మహా అయితే మూడు. నీళ్లు చుక్క కూడా వద్దు, బీరకాయలో ఉన్నదే ఎక్కువ. అన్నీ ఒకేసారి కుమ్మరించి తిప్పేస్తే ముందు నలిగేది బీరకాయ. పప్పు ఆ గుజ్జులో తేలుతూ బ్లేడుకు చిక్కకుండా తప్పించుకుంటుంది. హోటళ్లలో రోటిపచ్చడి పేరుతో వడ్డించే నున్నటి ముద్దలో ఆవగింజలు మాత్రం నలగకుండా అలాగే తగలడానికి, నాకు తోచినంతలో, కారణం ఇదే.

జారు సగం దాటకూడదు, అలాగని బ్లేడు మునగనంత తక్కువా ఉండకూడదు. ఇద్దరికి సరిపడా పచ్చడి పెద్ద జారులో ఎంత తిప్పినా నలగదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. మన మిక్సీ 230 వోల్టులది, అక్కడి ప్లగ్గులో వచ్చేది 120. అందుకే చాలా ఇళ్లలో పొడుగాటి గాజు జారు బ్లెండరే ఉంటుంది. అది జ్యూసుల కోసం చేసింది, అడుగు ఇరుకు, ద్రవం ఉంటేగాని ముక్క కిందికి దిగదు. అందులో పోపు దినుసులు నలగడం కష్టం. వాటిని చిన్న కాఫీ గ్రైండర్లో పొడి చేసుకుని, బీరకాయను మాత్రం బ్లెండర్లో ఒక్కసారి అలా తిప్పి, గిన్నెలో చేత్తో కలపండి. రుచిలో పెద్ద తేడా రాదు.

మధ్యలో మిక్సీ తిరగకుండా మూలిగితే వెంటనే ఆపేయండి, ఇంకో నంబరుకు పెంచొద్దు. ప్లగ్గు పీకి, జారులో అడ్డుపడ్డది తీసి, కాసేపు చల్లారనిచ్చి, మిక్సీ అడుగునుండే ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మోత వస్తూ బ్లేడు మాత్రం కదలకపోతే మోటారు పోయిందని కంగారుపడకండి. ముందు జారు కింది కప్లర్, అంటే మోటారు తిప్పే ఊపును బ్లేడుకు అందించే బిళ్ల, అరిగిందేమో చూడండి. మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

అభ్యాసానికి దోసకాయ పచ్చడి. ముక్క కొరికి చేదు లేదని చూసుకున్నాక, పోపు పైన చెప్పినట్టే నూరండి. పచ్చి ముక్కల్లో నాలుగో వంతు మాత్రమే జారులో వేసి ఒకే ఒక్క పల్స్ ఇవ్వండి, మిగతావి గిన్నెలోనే కలిపేయండి. పంటి కింద ముక్క కరకరమనాలి. అనకపోతే రేపు ఇంకో దోసకాయ కొనండి.

వచ్చే పాఠం దోసెల పిండి. చల్లటి నీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.