అంబాసిడర్ కింద మరక: ఏది కారుతోంది, ఎక్కడి నుంచి, ఏం చేయాలి

పాత అంబాసిడర్ నిలిపిన చోట గచ్చు మీద మరక కనిపిస్తే కొందరు "పాత బండి కదా, కారకుండా ఉంటుందా" అని వదిలేస్తారు. ఇంకొందరు టెన్షన్ పడి సీళ్లన్నీ ఒకేసారి మార్పించేస్తారు. రెండూ నష్టమే. కారేది ఏమిటో, ఎక్కడి నుంచో తేలాకే స్పానర్ పట్టాలి. ఇక్కడ రాసేది ముఖ్యంగా 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజిన్ బండ్ల గురించి. హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు ఉండే గొట్టం), పెట్రోల్ పైపులు, రేడియేటర్ విషయాలు తర్వాతి బండ్లకూ చాలావరకు సరిపోతాయి.

ముందు గుర్తుపట్టడం

రాత్రి బండి కింద తెల్ల అట్ట పరచండి. పొద్దున రంగు, వాసన, చుక్కలు పడిన చోటు చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేర్ ఆయిల్. పల్చగా, లేత పసుపు రంగులో, చక్రం దగ్గర ఉంటే బ్రేక్ ఆయిల్. ఆకుపచ్చగానో, తుప్పు రంగులోనో ఉంటే రేడియేటర్ నీళ్లు.

చుక్క పడిన చోటే లీకేజీ ఉందనుకోవద్దు. బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. అందుకే ఇంజిన్ చల్లారాక డీజిల్, బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ చల్లండి. కాస్త దూరం నడిపి వచ్చి చూడండి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్నదే అసలు చోటు. కిందికి దూరే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎప్పుడూ దూరవద్దు.

పెడల్ దిగిపోతోంది, టైరు లోపలి వైపు తడి

వీల్ సిలిండర్‌లో (డ్రమ్ లోపల బ్రేక్ షూలను తోసే భాగం) రబ్బరు కప్పులు పోయాయి. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేక్ లైను. ఒక్క చోట ఆయిల్ పోతే బ్రేకులన్నీ పోతాయి. బండిని కదపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవండి. డ్రమ్ విప్పి సిలిండర్ లోపల వేలు పెట్టి చూడండి. గుంటలు, గీతలు ఉంటే కొత్త కప్పులు వేసినా నిలవవు, సిలిండరే మార్చాలి. ఆయిల్ తాగిన షూలను కడిగి వాడవద్దు, రెండు వైపులా కొత్తవి వేయాలి. రబ్బరు భాగాలకు పెట్రోల్, కిరోసిన్, గ్రీజు తగలకూడదు. తగిలితే రబ్బరు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. చివర్లో బ్రేక్ లైనులోని గాలి తీయడం మరచిపోవద్దు.

పెట్రోల్ వాసన

ఇదీ ఆగని పనే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దాన్ని తట్టుకోలేవు. పైపును వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు వేయండి. ట్యాంకు చెమ్మగిల్లితే సబ్బు రుద్దడం దారిలో గండం గడవడానికి మాత్రమే. ట్యాంకు దించి ఆవిరి పూర్తిగా పోయేలా శుభ్రం చేయకుండా ఎవరినీ వెల్డింగ్ పెట్టనివ్వవద్దు.

ఇంజిన్ ఆయిల్

ఎక్కువ అనవసరపు ఖర్చు జరిగేది ఇక్కడే.

పై కవర్ చుట్టూ తడిగా ఉంటే కార్క్ ప్యాకింగ్ ఎండి కుంచించుకుపోయింది. చాలామంది పైనున్న రెండు నట్లను ఇంకా బిగిస్తారు. దాంతో రేకు కవర్ వంగి, కారడం పెరుగుతుంది. కవర్ అంచును చదునైన అద్దం మీద పెట్టి చూసి, వంకర సరిచేసి, కొత్త ప్యాకింగ్‌తో పాటు నట్ల కింది రబ్బర్లూ మార్చండి. మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పక్కన గాలి, పొగ గొట్టాలు కలిసే భాగం) కింద దాగి ఉండే రెండు పక్క కవర్లకూ ఇదే వైద్యం. వీటిని చూడకుండానే "వెనక సీల్ పోయింది" అని తేల్చేయడం మామూలైపోయింది. సీలెంట్ దట్టంగా పూయవద్దు. లోపలికి పిండుకుపోయిన ముక్కలు చాంబర్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జల్లెడకు అడ్డుపడతాయి.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య చుక్కలు పడుతుంటే కంగారు పడకండి. ఈ ఇంజిన్ వెనక ఇప్పటి బండ్లలోలా రబ్బరు సీల్ లేదు. క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) మీద కోసిన మరలు, తిరుగుతున్నప్పుడు ఆయిల్‌ను చాంబర్‌లోకి తిరిగి తోస్తాయి. ఆపాక కొన్ని చుక్కలు రావడం దాని తీరే. క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ అడుగున స్ప్లిట్ పిన్ వేలాడే రంధ్రం ఉన్నదే అందుకు. దాన్ని మూసేస్తే ఆయిల్ క్లచ్ ప్లేటుకు చేరుతుంది.

చుక్కలు ధారగా మారితే మాత్రం వరుసగా చూడండి. డిప్‌స్టిక్ గీత దాటి ఆయిల్ పోశారా? ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయిందా? మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను దొరికిన సందులోంచల్లా బయటికి తోస్తుంది. పైపు విప్పి డీజిల్‌తో కడగడానికి దాదాపు ఖర్చే లేదు, అందుకే ఇంజిన్ దించే మాటకు ముందు ఈ పని చేయాలి. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పుమంటుంటే పిస్టన్ రింగులు అరిగాయి. అవి బాగున్నా ధార ఆగకపోతే మెయిన్ బేరింగులు అరిగి ఉంటాయి. ఇంజిన్ దించాల్సింది అప్పుడే. పల్చని 5డబ్ల్యూ-30 లాంటి ఆయిల్ పోసి ఉంటే 20డబ్ల్యూ-40కో 20డబ్ల్యూ-50కో మారండి.

వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్

హౌసింగ్ మీదున్న చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోతే హబ్ సీల్ దాటి ఆయిల్ డ్రమ్‌లోకి వస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీల్ మారిస్తే కొత్త సీల్ కూడా కారుతుంది. షూలు తడిస్తే మార్చాల్సిందే.

నీళ్లు తగ్గిపోతున్నాయి

వాటర్ పంపు షాఫ్ట్ కింది చిన్న రంధ్రంలోంచి కారితే పంపు సీల్ పోయినట్టే. బ్లాక్ పక్కనున్న గుండ్రటి రేకు ప్లగ్గులు తుప్పు పట్టి చెమ్మగిల్లితే ఇత్తడివి వేయించండి. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ప్యాకింగ్) పోయిందని అనుమానించి బండి ఆపేయండి. కొత్త బండ్ల ఎక్కువ ప్రెషర్ రేడియేటర్ మూత దీనికి పెడితే బాగున్న గొట్టాలు కూడా కారతాయి. రేడియేటర్‌లో పసుపు పోస్తే ఊరు చేరేదాకా లీకేజీ ఆగుతుంది కానీ, అలాగే వదిలేస్తే సన్నని గొట్టాలు మూసుకుపోయి ఇంజిన్ వేడెక్కుతుంది. ఇల్లు చేరగానే రేడియేటర్ కడిగించి, అతుకు వేయించి, ఈసారి బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.