ఈస్ట్‌ను ‘ఎ’ నుంచి ఆల్ఫాకు మార్చాలంటే గడియారం పక్కన పెట్టుకోండి

ఈస్ట్ కణాల్లో జతకట్టే రకాలు రెండు: ‘ఎ’, ఆల్ఫా. కష్టపడి చేసుకున్న మ్యుటెంట్ (జన్యువు మారిన ఈస్ట్) ‘ఎ’ రకం, దాన్ని క్రాస్ చేయాల్సిన స్ట్రెయినూ ‘ఎ’ రకమే. రెండు ‘ఎ’లకు జత కుదరదు కాబట్టి ఒకదాన్ని ఆల్ఫాగా మార్చుకోవాలి. మార్చడం తేలికే, టైముకి ఆపడమే కష్టం. మొదటిసారి నేను మార్పిడిని మొదలుపెట్టే గెలాక్టోజ్ అనే చక్కెర వేసి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు ప్లేట్ చేసి, వచ్చిన కాలనీల్లో 16 పరీక్షిస్తే ఒక్కటీ దేనితోనూ జతకట్టలేదు. అన్నీ డిప్లాయిడ్లే, అంటే ‘ఎ’, ఆల్ఫా అప్పటికే జతకట్టి ఒక్కటైన కణాలే!

ఎందుకలా అయిందో చెబుతాను. మూడో క్రోమోజోమ్ మీద ‘మ్యాట్’ అనే చోట ఏ సమాచారం ఉంటే కణం ఆ రకం. అదే క్రోమోజోమ్ చివర్ల దగ్గర, హెచ్‌ఎంఎల్‌లో ఆల్ఫా నకలు, హెచ్‌ఎంఆర్‌లో ‘ఎ’ నకలు ఉంటాయి. సర్ ప్రొటీన్లు వాటిని నోరెత్తనివ్వవు. హెచ్‌ఓ అనే ఎంజైమ్ మ్యాట్‌ను కోస్తే, కణం ఆ గాయాన్ని నకలు చూసి పూడ్చుకుంటుంది. ‘ఎ’ కణమైతే 85-90 శాతం సార్లు హెచ్‌ఎంఎల్ వైపే వెళ్తుంది. 1977లో హెర్స్‌కోవిట్జ్ బృందం దీన్ని క్యాసెట్‌తో పోల్చింది. నకలు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, క్యాసెట్ మార్చడం కన్నా కాపీ చేసుకోవడం అంటేనే నాకు సరిగ్గా అనిపిస్తుంది.

ల్యాబ్ స్ట్రెయిన్లలో సాధారణంగా హెచ్‌ఓ జన్యువు పాడై ఉంటుంది. అందుకే గెలాక్టోజ్‌తో నడిచే హెచ్‌ఓ, యూరా3 మార్కర్ (యురాసిల్ లేకున్నా పెరగనిచ్చే జన్యువు) ఉన్న ప్లాస్మిడ్‌ను, అంటే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని, ఎక్కించండి. యురాసిల్ లేని, 2 శాతం రఫినోజ్ (ఇదీ ఒక చక్కెరే) మీడియాలో రాత్రంతా పెంచండి. గ్లూకోజ్ కొంచెం మిగిలినా గెలాక్టోజ్ పనిచేయదు. పొద్దున పలచన చేసి, కణాలు చురుగ్గా పెరుగుతున్నప్పుడు 2 శాతం గెలాక్టోజ్ కలపండి.

ఇక గడియారం చూడండి. 30, 60, 90 నిమిషాలకు కొంచెం కొంచెం తీసి, వెంటనే గ్లూకోజ్ ప్లేట్ మీద విడివిడి కాలనీలు వచ్చేలా పలచగా పరచండి. సహజంగానైతే ఒకసారి పిల్లను కన్న తల్లికణమే మారుతుంది. పిల్లకణంలో యాష్1 హెచ్‌ఓను అడ్డుకుంటుంది. మన ప్లాస్మిడ్‌కు ఆ పట్టింపు లేదు, అందరినీ కోస్తుంది. ఆలస్యమైతే మారినవి పక్కనున్న మారనివాటితో జతకట్టేస్తాయి, నాకు జరిగింది అదే.

ఒక్క కాలనీలోనే రెండు రకాలూ కలిసి ఉండొచ్చు, మళ్లీ ఒకసారి ప్లేట్ మీద గీసి విడదీయండి. తర్వాత ‘ఎ’, ఆల్ఫా టెస్టర్లు (రకం ముందే తెలిసిన స్ట్రెయిన్లు) రెండింటితోనూ జత కలిపి, డిప్లాయిడ్ మాత్రమే పెరిగే మినిమల్ ప్లేట్‌కు మార్చండి. ‘ఎ’ టెస్టర్‌తో పెరిగితే మనకు కావలసిన ఆల్ఫా అదే. తొందరగా కావాలంటే మూడు ప్రైమర్ల కాలనీ పీసీఆర్ చేయండి: ఆల్ఫాకు 404, ‘ఎ’కు 544 బేస్‌ల బ్యాండు. రెండూ కనిపిస్తే అది డిప్లాయిడ్ గానీ, కలగలిసిన కాలనీ గానీ.

ఫ్రీజర్‌లో పెట్టే ముందు యురాసిల్ ఉన్న మీడియాలో పెంచి, 5-ఎఫ్‌ఓఏ ప్లేట్ (యూరా3 ఉన్న కణాలను చంపుతుంది) మీద ప్లాస్మిడ్ పోగొట్టుకున్నదాన్ని ఏరుకోండి. లేదంటే తర్వాతెప్పుడో ఎవరో దానికి గెలాక్టోజ్ పెడతారు, అది మళ్లీ మారడం మొదలెడుతుంది.