బాత్‌రూమ్ గోడ మీది చెట్టుకప్పను గుర్తుపట్టడం, బయటికి పంపడం

చెన్నైలో వానలు మొదలయ్యాక ఫ్లష్ ట్యాంకు వెనక, గోడ మూలల్లో నక్కే సన్నటి నడుము కప్ప చాలావరకు చెట్టుకప్పే. శాస్త్రీయ నామం పాలిపెడేటిస్ మాక్యులేటస్.

రంగు చూసి తేల్చకండి. అదే కప్ప తెల్లగోడ మీద సున్నం వేసినట్టు పాలిపోతుంది, చెట్టు బెరడు మీద ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. వీపు మీద డమరుకం లాంటి గుర్తు కొన్నిటికే ఉంటుంది. నమ్మదగ్గది తొడ వెనక భాగం. ముదురు గోధుమ రంగు మధ్య గుండ్రటి పసుపు చుక్కలుంటాయి. కాళ్ళు ముడుచుకుంటే అవి కనబడవు కాబట్టి కప్ప పాకుతున్నప్పుడు పక్కనుంచి ఫొటో తీయండి. తర్వాత కంటి వెనక చూడండి: గుండ్రటి కర్ణభేరి, దాని మీదుగా నల్లటి చార. వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలుంటాయి. వెనక కాలివేళ్ళ మధ్య పొర బాగా ఉంటుంది, ముందువేళ్ళ మధ్య దాదాపు ఉండదు.

కొలిచేటప్పుడు కాళ్ళ పొడవు కలపకూడదు, మూతి నుంచి వెనక చివరిదాకానే. మగది సుమారు 3.5–5.5 సెం.మీ., ఆడది 7 సెం.మీ. దాటొచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఊపెరోడాన్ టాప్రొబానికస్ అనే మరో కప్ప దగ్గర. అదీ చెట్లెక్కుతుంది, కానీ బొద్దుగా, పొట్టి మూతితో ఉంటుంది. వీపుకు రెండు వైపులా ఇటుక రంగు పట్టీలుంటాయి. ముందువేళ్ళ చివరలు గుండ్రంగా కాక త్రికోణంగా వెడల్పవుతాయి.

బయటికి పంపాలంటే సబ్బు, శానిటైజర్ పోయేలా చేతులు కడిగి, తడిచేత్తోనే పట్టండి. వెడల్పు మూతి డబ్బా బోర్లించి కింద అట్ట దూర్చడం ఇంకా మేలు. ఉప్పు, ఫినాయిల్ మాత్రం చల్లొద్దు, దయచేసి. కప్ప చర్మం నీటినీ రసాయనాలనూ నేరుగా పీల్చుకుంటుంది. ఉప్పు ఒంట్లో నీరు లాగేసి చంపుతుంది. చీకటి పడ్డాక అదే ఆవరణలోని మొక్కల దగ్గర వదిలితే చాలు.

తొట్టి అంచున తెల్లటి నురగ ముద్ద కనిపిస్తే అవి గుడ్లు. పైపొర ఎండి గోధుమ రంగుకు మారినా లోపల తడి ఉంటుంది, పాడైందనుకుని గీకేయకండి. పిల్లలు కొద్ది రోజుల్లో కింది నీళ్ళలోకి జారతాయి. ఈలోగా తొట్టి ఖాళీ చేస్తే అవి ఎండి చస్తాయి. నీళ్ళు పోయాల్సి వస్తే క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఒక రోజు మూత లేకుండా ఉంచి పోయండి.