కుందేలు సంవత్సరంలో పుట్టారో లేదో తేల్చుకోవడం ఎలా?

చైనా సంప్రదాయంలోని పన్నెండు జంతువుల చక్రంలో కుందేలుది నాలుగో స్థానం. పుట్టిన సంవత్సరాన్ని 12తో భాగించి చూడండి. శేషం 7 వస్తే అది కుందేలు సంవత్సరం. 1963, 1975, 1987, 1999, 2011, 2023 ఆ కోవలోనివే. అయితే చైనా సంవత్సరాది అమావాస్యను బట్టి జనవరి మూడో వారానికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య ఎప్పుడైనా రావచ్చు కనుక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవారు ఈ లెక్కతో ఆగిపోకూడదు. 1987 జనవరి 28న పుట్టినవారిది పులి, మరునాడు పుట్టినవారిది కుందేలు. ఆ కుందేలు సంవత్సరం 1988 ఫిబ్రవరి 16 దాకా సాగింది. 1999లో ఫిబ్రవరి 16న మొదలై 2000 ఫిబ్రవరి 4న, 2011లో ఫిబ్రవరి 3న మొదలై 2012 జనవరి 22న, 2023లో జనవరి 22న మొదలై 2024 ఫిబ్రవరి 9న ముగిసింది. కొందరు జ్యోతిష్కులు చాంద్రమానాన్ని వదిలి, ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే సౌర వసంతారంభం నుంచి లెక్కిస్తారు. రెండు పుస్తకాలు రెండు జంతువులను చెబితే కారణం చాలాసార్లు ఇదే.

ఇంగ్లీషు తేదీ తెలియక తెలుగు సంవత్సరం పేరు మాత్రమే గుర్తున్న పెద్దలకు మరో దారి ఉంది. మన అరవై సంవత్సరాల్లో ప్రభవ, ప్రమాథి, ఖర, శోభకృతు, రాక్షస అనే అయిదూ కుందేలు సంవత్సరాలతో కలుస్తాయి. చైనా సంవత్సరాది ఎక్కువగా మాఘ శుద్ధ పాడ్యమి ప్రాంతంలో, అంటే ఉగాదికి సుమారు రెండు నెలల ముందు వస్తుంది కాబట్టి, అక్షయ నామ సంవత్సరం మాఘంలో పుట్టినవారు కుందేలువారు అవుతారు. ప్రభవ మాఘంలో పుట్టినవారు సాధారణంగా డ్రాగన్‌లోకి వెళతారు. టిబెట్టువారి అరవై ఏళ్ల చక్రం కూడా అగ్ని కుందేలుతోనే, అంటే మన ప్రభవతోనే మొదలవుతుంది.

తరువాత పంచతత్త్వాలలో మీది ఏదో చూడాలి. సంవత్సరం చివరి అంకె 1 అయితే లోహం, 3 అయితే నీరు, 5 అయితే కర్ర, 7 అయితే అగ్ని, 9 అయితే భూమి. మేక, పందితో పొత్తు, కోడితో వైరం అని చెబుతారు; పెళ్లి సంబంధాన్ని దీని మీద తేల్చడం నాకు సమంజసంగా తోచదు. వియత్నాంలో కుందేలు స్థానంలో పిల్లి ఉంటుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

తమ జంతువు తిరిగి వచ్చిన ఏడాది కలిసివస్తుందని మనవాళ్లు అనుకోవచ్చు గానీ, చైనా నమ్మకం దానికి పూర్తిగా విరుద్ధం: అది గండాల ఏడు. అందుకే ఆ ఏడాది ఎర్రని నడికట్టు, ఎర్రని మేజోళ్లు, ఎర్రని లోదుస్తులు ధరిస్తారు. వాటిని సొంతంగా కొనుక్కోవడం కంటే ఇంటివారు ఇవ్వడం మేలంటారు. కుందేలువారికి ఆ ఏడు మళ్లీ 2035లో వస్తుంది.

జానపద రూపాన్ని చూడాలంటే బీజింగ్ మట్టిబొమ్మ 'తూర్ యే'ను వెతకండి. ముఖం, నిలువు చెవులు కుందేలువి, ఒళ్లు మనిషిది. శిరస్త్రాణం, బంగారు రంగు కవచం, వీపున జెండా ఉంటాయి, చాలా బొమ్మల్లో పులి మీద కూర్చుంటుంది. నగరంలో మహమ్మారి ప్రబలినప్పుడు చంద్రలోకపు దేవత ఛాంగ్-అ పంపిన కుందేలు, గుళ్లలో దుస్తులు అరువడిగి వేసుకుని ఇంటింటికీ మందు పంచిందని కథ. ఎనిమిదో చాంద్రమాసం పదిహేనో రోజున, అంటే సాధారణంగా మన భాద్రపద పౌర్ణమి నాటికి, దీన్ని పూజకు పెట్టేవారు. బొమ్మ కొనదలచినవారు ఆ పండుగకు ముందు వారాల్లో వెళితే ఎక్కువ రకాలు దొరుకుతాయి.