లార్క్‌స్పర్ గుర్తుపట్టాలంటే కాండం అడుగున చూడండి

వసంతంలో కాలిఫోర్నియా కొండల్లో హైకింగ్‌కి వెళ్తే నీలి లార్క్‌స్పర్ అనే అడవి పూలు తరచూ కనిపిస్తాయి. ఫోన్ యాప్ ఒకే మొక్కకు రెండు మూడు పేర్లు చెబుతుంటే, పువ్వు ఒక్కటే ఫొటో తీశారన్నమాట.

పువ్వు వెనక సన్నటి తోకలా స్పర్ ఉందంటే లార్క్‌స్పరే. దాని చుట్టమైన మాంక్స్‌హుడ్‌కి తోక ఉండదు, పైన టోపీ ఉంటుంది. లార్క్‌స్పర్‌లలో ఎర్రగా పూసేది నుడికాలే లేదా కార్డినేల్ అనే జాతి. మనిషంత ఎత్తు పెరిగి, వెలిసినట్టు తెల్లగా పూసేది కాలిఫోర్నికమ్ అనే జాతి.

చిక్కంతా వేరియగేటమ్, హెస్పీరియమ్ అనే రెండు జాతుల దగ్గరే. రెండూ ముదురు నీలమే, రెండింటిలోనూ తెల్లవి కూడా ఉంటాయి కాబట్టి రంగుని నమ్మకండి. వంగి, కాండం అడుగుభాగాన్ని పది రెట్లు పెద్దగా చూపే లెన్స్‌తో చూడండి. పొట్టి నూగు వంకర తిరిగి కాండానికి అంటుకుని ఉంటే హెస్పీరియమ్ కావచ్చు. పూత వచ్చేసరికే దాని అడుగు ఆకులు చాలావరకు ఎండిపోతాయి. పువ్వులు కాస్త చిన్నవి, గెలలో ఒత్తుగా ఉంటాయి. వేరియగేటమ్‌లో తరచూ పొడుగాటి నూగు నిక్కి ఉంటుంది. పువ్వులు కొద్దే అయినా పెద్దవి, విడివిడిగా పూస్తాయి.

తెంపొద్దు. మొక్కంతా విషం, పశువులు తిని చచ్చిపోతాయి కూడా. పువ్వుని పక్కనుంచి ఒకటి, ఆకు ఒకటి, కాండం అడుగు ఒకటి ఫొటోలు తీసుకుంటే ఇంటికొచ్చాక తీరిగ్గా పోల్చుకోవచ్చు.